దారం పట్టి చూసిన పుదుచ్చేరి

చదువు రానివాళ్లకు ఏ ఊరి బోర్డులైనా ఒకటే. అన్నీ బొమ్మలే. యాభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని కాబట్టి ఆ సంగతి నాకింకా బాగా గుర్తుంది. దిద్దిన తర్వాత నాయుడుపేట బజారులో నడవడం నాకు పండుగలా ఉండేది. మందుల షాపు, ఎరువుల కొట్టు, కల్యాణ మండపం, అన్నీ చదువుకుంటూ పోయేదాన్ని. అలాంటిది పుదుచ్చేరిలో బస్సు దిగగానే మళ్లీ చదువు రానిదాన్నయ్యాను. ఒక పక్క అరవం, ఇంకో పక్క ఇంగ్లీషు, కొన్నిచోట్ల ఫ్రెంచి. ఒక్కటీ నాది కాదు. ముందు కాస్త దిగులేసింది. తర్వాత తోచింది, ఈసారి సిగ్గుపడాల్సిన పనిలేదు, బొమ్మలు చూసినట్టు చూస్తే చాలని. అలా చూశాను కాబట్టే ఇది రాయగలుగుతున్నాను.

వెళ్లింది షికారుకు కాదు. మా ఊళ్లో ఆడవాళ్లం కొందరం కలిసి పాత చీరలతో బొంతలు, టైలర్ల దగ్గర మిగిలిన ముక్కలతో సంచులు కుడతాం. గుడ్డ కోసేది మునెమ్మ. నన్ను వదినా అంటుంది, చుట్టరికం మాత్రం వీధిదే. పుదుచ్చేరిలో సుమతి అనే అమ్మాయి సంచులకు, అట్టపెట్టెలకు, అంగళ్ల బోర్డులకు బొమ్మలు గీస్తుంది. మా బొంతలు ఒక ప్రదర్శనలో చూసి, ఒక అంగడి కోసం తను గీసిన సంచి పటం పంపి, అలాంటివి కుట్టిమ్మంది. నలుపు తెలుపు గళ్లు వరసలుగా, వరసకూ వరసకూ నడుమ సన్నటి బూడిద రంగు పేలిక. పైన లావుపాటి అక్షరాలతో ‘అల’ అని.

పటం చూస్తే ఆ బూడిద గీతలన్నీ ఏటవాలుగా ఉన్నాయి. ఒకటి ఇటు వాలితే దాని కిందది అటు. అమ్మాయి తొందరలో వంకరగా గీసింది కాబోలు అనుకున్నాం. మునెమ్మ ప్రతి వరసనూ ఒక కొసన కుట్టులోకి ఎక్కువ లాగి, రెండో కొసన వదిలి, గీతలన్నీ కంటికి తిన్నగా కనబడేదాకా సవరించింది. మేమందరం మెచ్చుకున్నాం. సంచులు పంపాక సుమతి ఫోన్ చేసింది. గీతలన్నీ వంకరగా కుట్టారు, ఇలా అయితే అంగడివాళ్లు తీసుకోరేమో అంది.

మునెమ్మకు కోపం ఆగలేదు.

“పటమే వంకర. నేను సరిజేసి పంపినా. సరిజేసినోళ్లదా తప్పు? పద వదినా, పోయి వాళ్ల కండ్ల ముందరే చూపిస్తా.”

ఆ కోపం వెనక ఇంకొకటి ఉంది. రాత్రి బడిలో నాతో పాటు మునెమ్మ కూడా చేరింది. కొన్నాళ్లు వచ్చి మానేసింది. అక్షరాలు నిలకడగా ఉండవు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, గీత మీద పెట్టినా వంగినట్టే ఉంటాయి, నా కన్నే వంకర అంది. పలక పక్కన పెట్టి కత్తెరే నమ్ముకుంది. బస్సులో నాతో ఒక మాటంది.

“అక్షరాల కాడ నా కన్ను పనికిరాదని ఒప్పుకున్నా. గుడ్డ కాడ గూడా పనికిరాదంటే ఇంక కత్తెర నాకెందుకు? ఆడనే కింద పెట్టేసి వస్తా.”

మా సంఘానికి ఆ పని కావాలి. నాకు మునెమ్మ కావాలి. రెండూ పట్టుకుని బయలుదేరాను.

ఉప్పళం

సుమతి పని గది ఉప్పళంలో ఒక మేడ మీద. వీధి ఇరుకు. ఇస్త్రీ బండి, సైకిల్ షాపు, పూలకొట్టు, అన్నీ ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసినట్టు ఉంటాయి. కింద టీ కొట్టులో టీ పన్నెండు రూపాయలు. మా ఊళ్లో పదే, కానీ ఇక్కడి గ్లాసు పెద్దది, అల్లం దండిగా వేస్తారు. టీ పోసే ఆయన మేం తెలుగువాళ్లమని పసిగట్టి, మేము మూడు తరాల కింద వచ్చినోళ్లం, యాడ నుంచి వచ్చినామో మాకే తెలీదు అన్నాడు. చెబుతూ నవ్వాడు.

సుమతికి ముప్పై దాటి ఉండవు. పొట్టి జుట్టు, చేతుల నిండా రంగు మరకలు. మెట్ల మీదే ఎదురొచ్చింది.

“రాండత్తా, రాండి. బస్సులో రొంబ కష్టమా? సాపాటు అయిందా?”

గది గోడల నిండా పాత సరుకు. అగ్గిపెట్టెల మీది బొమ్మ కాగితాలు, సోడా బుడ్ల చీటీలు, ఎప్పుడో మూతపడిన కొట్ల రేకు బోర్డులు. వాటి మీది అక్షరాలు ఇప్పటివాటిలా బక్కగా లేవు. బాగా తిని బలిసినట్టు ఉన్నాయి. కొన్నిటి వెనక నీడ, కొన్నిటి ఒంటి మీద మెరుపు గీత. పాతకాలం పెయింటర్లు కుంచెతో వేసిన ఆ అక్షరాలనే సుమతి మళ్లీ గీసి, కంప్యూటర్లో ఎక్కించి, కొత్త సరుకు మీద వేస్తుంది. జనానికి ఇప్పుడు అవే ఇష్టమట.

ఒక రేకు మీది అక్షరాలు పైకి ఉబ్బి ఉన్నాయనిపించి నేను వేలితో తడిమాను. చదునుగా ఉంది. సుమతి నవ్వలేదు, అందరూ అలాగే తడుముతారంది. కుడి పక్క, కింద నల్లటి నీడ వేస్తే చాలట, అక్షరం కాగితం మీది నుంచి లేచి నిలబడుతుందట.

‘అల’ అన్న అక్షరాలు ఎక్కడివని అడిగాను. రెండక్షరాలనూ వేరువేరు పాత తెలుగు బోర్డుల నుంచి తీసుకుని, తెలిసినవాళ్లకు చూపించి సరిచూసుకుందట. తనకు తెలుగు చదవడం రాదు.

“మాట ఇంట్లో ఉండాదత్తా. ఎళుత్తు లేదు, ఆ అక్షరాలు రావు. తాత కాలంలోనే పోయింది. నేను బొమ్మ గీసినట్టే గీస్తాను.”

రాని లిపిని ఇంత అందంగా గీసే మనిషిని నేనెప్పుడూ చూడలేదు. అక్షరాలంటే నాకూ మొదట్లో బొమ్మలే కాబట్టి, ఆ పిల్ల నాకు అప్పుడే దగ్గరిదైపోయింది.

మునెమ్మకు ఇవేవీ పట్టలేదు. బల్ల మీద సుమతి కుట్టిన నమూనా సంచి ఉంది. దాని పక్కన మేం పంపిన సంచి. సుమతిది చూస్తే గీతలు ఏటవాలు. మాది చూస్తే తిన్నగా ఉంది. మునెమ్మ రొంటిన ఉన్న చిన్న సంచిలోంచి మైనం పట్టించిన దారం తీసింది. బొంతలు కుట్టే ముందు గుడ్డ మీద గీత చూసుకునే దారం అది. ఒక కొస సుమతిని పట్టుకోమని, రెండో కొస తను లాగి, నమూనా సంచి మీద బూడిద పేలిక వెంట పెట్టింది.

పేలిక ఈ కొస నుంచి ఆ కొస దాకా దారం కిందే ఉంది. వెంట్రుకవాసి కూడా తప్పుకోలేదు.

కింది వరస మీద పెట్టింది. అదీ అంతే. తర్వాత తను కుట్టిన సంచి మీద పెట్టింది. సగం దాకా పోయేసరికి పేలిక దారాన్ని వదిలేసి పక్కకు పోయింది.

“గళ్లు ఒక వరస మీద ఒకటి కొంచెం పక్కకు జరిపినా. అంతే అత్తా. గీత తిన్నంగానే ఉంటాది, కన్ను వాలింది అంటాది. కన్ను మనల్ని ఏమారుస్తాది,” అంది సుమతి.

అది మర్యాదకు చెప్పిన మాట అనుకుంది మునెమ్మ. దారం వేలికి చుట్టుకుని సంచిలో పెట్టుకుంది. దాని పక్కన ఉన్న కత్తెర తీసి బల్ల మీద ఉంచి, ఇది ఇక్కడే ఉండనీ అంది. నేను తీసుకుని నా సంచిలో వేసుకున్నాను. అంగడి యజమాని జయంతి మేడమ్ మర్నాడు రమ్మందని, ఆమె వద్దంటే సంచులు వెనక్కి పంపాల్సిందేనని సుమతి మెల్లగా చెప్పింది. తర్వాతి పని కూడా వేరేవాళ్లకు పోతుంది.

అరియాంకుప్పం

సుమతి ఇల్లు అరియాంకుప్పంలో. ఊరి బస్సెక్కితే ఏరు దాటగానే వస్తుంది. పుదుచ్చేరి సందడి వంతెన దగ్గరే ఆగిపోయినట్టు, ఆ పక్క కొబ్బరి చెట్లు, కూరగాయల మడులు. సుమతి తల్లి సరోజ మిల్లులో పనిచేసి మానేసిన మనిషి. నన్ను అక్కా అంది, మునెమ్మనూ అక్కా అంది, చెంబుతో నీళ్లిచ్చి వాకిట్లో కూర్చోబెట్టింది.

చేపల పులుసు పెట్టింది. మేమైతే మామిడికాయ వేస్తాం, ఆమె కొబ్బరి నూరి పోసింది. నాకు రుచించింది. మునెమ్మ ముద్ద కలిపి అలాగే కూర్చుంది.

“ఏందక్కా, ఉప్పు జాస్తియా?” అని సరోజ కంగారుపడింది.

“ఉప్పు గాదు. నా కన్ను బాగలేదు.”

సరోజ వెంటనే అందుకుంది. “ఇక్కడ కన్ను ఆస్పత్రి మంచిది ఉండాదక్కా. పొద్దునే పోతే సీక్కిరం చూస్తారు.” సుమతికి పొలమారింది. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. మునెమ్మ మాత్రం నవ్వలేదు.

పొద్దున లేచేసరికి సరోజ వాకిట్లో కోలం వేస్తోంది. మేము చుక్కల్ని కలుపుతూ ముగ్గేస్తే, ఆమె చుక్కను తాకకుండా చుట్టూ తిప్పుకుంటూ పోతోంది. చుక్కలు తాడు పట్టినట్టు వరసగా ఉన్నాయి. నేను చదువుకున్నానని కూతురు చెప్పిందేమో, వేళ్లకు పిండి దులుపుకుని నా పక్కన కూర్చుంది.

“నా పేరు తెలుంగులో రాసి చూపియక్కా. నేను చూడనే లేదు.”

సుమతి తెచ్చిన కాగితం మీద స్కేలు పెట్టి రెండు గీతలు గీసి, వాటి నడుమ ‘సరోజ’ అని రాశాను. మా బడిలో అలాగే నేర్పారు, పైగీత దాటకూడదు, కింది గీత దాటకూడదు. సరోజ కాగితాన్ని దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. “ఇదా నేను?” అంది. తర్వాత పిండి తీసుకుని, కాగితం పక్కన పెట్టుకుని, కోలం కింద తన పేరు వేసింది. చెయ్యి ఆగలేదు. ఆమెకు అది అక్షరం కాదు, ఇంకో మెలిక.

చిత్రమేమంటే నేను రాసినదానికంటే ఆమె వేసిందే చూడముచ్చటగా ఉంది. నాదాంట్లో ఒక అక్షరం చిక్కిపోయినట్టుంది. స్కేలు పెట్టి రాసినా నా చేతిరాత ఎందుకిలా ఉంటుందో నాకెప్పుడూ అంతుపట్టలేదు. సుమతిని అడిగాను. గుండ్రటి అక్షరాన్ని గీతకు సరిగ్గా తగిలేలా రాస్తే చిన్నదిగానే కనబడుతుందట, గీతను కాస్త దాటించి రాయాలట. బోర్డులు రాసే పెయింటర్లందరూ అలాగే చేస్తారట. కొలతకు సమానంగా ఉంటే కంటికి సమానంగా ఉండదట.

వాకిలి మెట్టు మీద కూర్చుని ఉన్న మునెమ్మ తల తిప్పింది. “అంటే పలక మీద ఒకటి చిన్నది, ఒకటి పెద్దది కనబడేది అందరికీనా?” అని అడిగింది. అందరికీనే అంది సుమతి. మునెమ్మ నమ్మినట్టు లేదు. కానీ కాఫీ మాత్రం తాగింది.

వైట్ టౌన్

సముద్రం పక్కన ఫ్రెంచివాళ్ల కాలం నాటి వీధులు. గోడలకు పసుపు రంగు, మా ఇళ్లల్లో గడపకు పూసే పసుపు లాంటిదే. వీధి మూలల్లో నీలం పలకల మీద తెల్లటి ఫ్రెంచి అక్షరాలు, కింద అరవం. ఒక హోటలు బోర్డు మీద అక్షరాలు సన్నగా, పొడుగ్గా, ఎముకలు కనబడే కాళ్లలా ఉన్నాయి. ఇంకొక బోర్డు మీద అక్షరాల తోకలు ద్రాక్ష తీగల్లా చుట్టుకున్నాయి. చదవలేను కాబట్టి మనసుపెట్టి చూశాను. కాఫీ ధర చూసిన తర్వాత మాత్రం అంకెలు రాకపోతే బాగుండేదనిపించింది. కప్పు కాఫీ నూట ఎనభై. సముద్రం ఊరికే చూడొచ్చు కదా అని అటు నడిచాం.

దారిలో ఒక గోడకు తెరిచిన కిటికీ, దాని గట్టు మీద పూలకుండీ. ఎండ మండుతోంది. మునెమ్మ కొంగుతో ముఖం తుడుచుకోవాలని చేతిలో నీళ్ల సీసా ఆ గట్టు మీద పెట్టింది. సీసా గోడకు రాసుకుంటూ దిగి కింద పడి దొర్లింది. కిటికీ లేదు, గట్టు లేదు, కుండీ లేదు. అంతా రంగే. గట్టు కింద నీడ కూడా రంగే.

ఎదురుగా కొబ్బరిబోండాలు కొట్టే ఆయన కత్తి పక్కన పెట్టి నవ్వాడు. ఆయన అరవంలో చెప్పింది సుమతి మాకు తెలుగులో చెప్పింది. దినం ఎవరో ఒకరు ఏమారతారట. మొన్న ఒక దొర తన టోపీ పెట్టాడట, పొద్దున ఒక కానిస్టేబుల్ టీ గ్లాసు పెట్టబోయాడట. ఒక కాకి అయితే ఆ కుండీ మీద వాలబోయి గోడకు కొట్టుకుందట.

కాకి మాట వినగానే మునెమ్మ ఆయన వైపు తిరిగింది. “కాకి గూడానా?”

బోండాలాయనకు తెలుగు రాకపోయినా ప్రశ్న అర్థమైంది. చేత్తో రెక్కలు ఆడించి, అరచేతిలోకి పిడికిలి కొట్టి చూపించాడు. మునెమ్మ నవ్వింది. ఊరు దాటాక నవ్వడం అదే మొదటిసారి. మేము బోండాలు తాగి అక్కడే నిలబడి చూశాం. ఎంతోసేపు పట్టలేదు. కూలింగ్ గ్లాసులు పెట్టుకున్న ఒకాయన వచ్చి, ఫోటో కోసం మోచెయ్యి ఆ గట్టు మీద ఆనించబోయి తూలాడు. మునెమ్మ మెల్లగా “ఇంకొకరు” అంది.

జయంతి మేడమ్ అంగడి అదే వీధి చివర. ఆమె గట్టిగా మాట్లాడే మనిషి కాదు. మా సంచిని బల్ల మీద పరిచి, ఇది మామూలు గళ్ల గుడ్డలా ఉంది, సుమతి గీసినదాంట్లో ఉన్న ఆట ఇందులో లేదు, దీన్నెవరు కొంటారు అని అరవంలో అంది. ఆమె కోపంగా అని ఉంటే మేమూ ఏదో అనేవాళ్లం. నిజమే చెప్పింది. సుమతి తలవంచుకుంది.

మునెమ్మ రెండు సంచులనూ పక్కపక్కన పెట్టింది. అంగట్లో దుప్పట్లు చూస్తున్న ఇద్దరు ఆడవాళ్లను చేత్తో పిలిచింది. భాష లేదు. వేలితో గీతలు చూపించి, అరచెయ్యి వాల్చి, తిన్నగా పెట్టి, ఏది వంకర అన్నట్టు కనుబొమ్మలెగరేసింది. ఇద్దరూ సుమతి సంచినే చూపించారు. మేడమ్ వైపు చూసింది. మేడమ్ కూడా చిన్నగా నవ్వి దాన్నే చూపింది.

మునెమ్మ దారం తీసింది. ఒక కొస ఆ ఆడవాళ్లలో ఒకామె చేతికిచ్చింది. సుమతి సంచి మీద పట్టింది. గీత తిన్నగా ఉంది. ఆ ఆడవాళ్లు వంగి మళ్లీ చూశారు. తర్వాత మా సంచి మీద పట్టింది. తిన్నగా కనబడే గీత దారాన్ని వదిలి పక్కకు పోయింది. రెండో ఆమె ఆ దారం తన చేతికి తీసుకుని తనే మళ్లీ పట్టి చూసింది. మేడమ్ బల్ల వెనక నుంచి ఇవతలకు వచ్చింది.

“ఒకటి వంకరగా కనబడతాది, వంకర లేదు. ఒకటి తిన్నంగా కనబడతాది, తిన్నంగా లేదు,” అంది మునెమ్మ. “రెండూ ఉంటేనే గదా ఆట.”

సుమతి దాన్ని అరవంలోకి మార్చేలోపే ఆ ఇద్దరిలో ఒకామె రెండు సంచులూ చెరొక చేత్తో పట్టుకుని ఉంది. రెండూ కావాలంది, దారం కూడా ఇస్తారా అంది.

మేడమ్ మా సంచులన్నీ ఉంచుకుంది. ఇకముందు జతలుగా కుట్టి పంపమంది. జతకొక దారం, కొసన పూస కట్టి. అంగడి గోడకు మేకు కొట్టించి, రెండు సంచులు తగిలించి, నడుమ మునెమ్మ దారమే వేలాడదీసింది. మునెమ్మ దాన్ని ఇచ్చేటప్పుడు కాస్త వెనకాడింది, చాలా ఏళ్ల దారం. ఇచ్చేసి, సముద్రం గట్టున రాళ్ల మీద కూర్చున్నాక నా వైపు చెయ్యి చాపింది.

“నా కత్తెరియ్యి వదినా.”

తిరుగు దారి

సుమతి మమ్మల్ని రైలెక్కిస్తూ, దారిలో తినమని పొడుగాటి ఫ్రెంచి రొట్టె కొనిచ్చింది. పైన చెక్కలా గట్టిగా ఉంటుంది, లోపల దూది. దాన్ని మేము మామిడికాయ ఊరగాయతో తిన్నాం. బాగుంది, ఎవరేమనుకున్నా సరే.

సుమతి గది నుంచి తెచ్చుకున్న గుడ్డ ముక్కలు మునెమ్మ ఒళ్లో పోసుకుంది. ‘అల’ పటం మోకాలి మీద పెట్టుకుని, మొదటి అక్షరాన్ని ఎర్రగుడ్డలో కోసింది. రైలు ఊగుతున్నా కత్తెర ఊగలేదు. దాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పింది. పుస్తకంలో అక్షరాలు చీమల్లా ఉంటాయి, ఇదైతే చేతికి దొరికింది అంది.

“ఇదేందీ వదినా?”

అ అన్నాను. అంతేనా అంది. అంతే అన్నాను. తర్వాత నల్లగుడ్డలో అలాంటిదే ఇంకొకటి కోసి, ఎర్రదాని కింద ఎటు జరపాలో తెలియక కాసేపు చూసింది. కిటికీ ఎడమ పక్కన ఉంది, ఎండ అటు నుంచే పడుతోంది. ఎదుటి సీటు మనిషి నీడ ఎటు పడిందో చూసి, నల్లముక్కను కుడికి, కిందికి జరిపింది. అ లేచి నిలబడింది. మునెమ్మ దాన్ని తడమలేదు. చూస్తూ కూర్చుంది.

ఇప్పుడు మా సంఘం హాలులో పగలు కుట్టుపని, రాత్రి బడి. నల్లబల్ల పక్కన మునెమ్మ కోసిన గుడ్డ అక్షరాలు వరసగా వేలాడుతున్నాయి, ఒక్కొక్కటీ దాని నీడతో. ఇప్పటికి ‘ఎ’ దాకా వచ్చింది. కోసిన అక్షరమల్లా ఆమెకు వచ్చినట్టే. నా రాత కూడా బాగుపడింది, గుండ్రటివాటిని గీత దాటనిస్తున్నాను. అక్షరాల వరసకు కింద మేకుకు కొత్త దారం ఒకటి కట్టి ఉంటుంది. ఎవరైనా నా గీత వంకర, నా కన్ను పనికిరాదు అని పలక పక్కన పెట్టబోతే, అందరికంటే ముందు మునెమ్మ లేస్తుంది. దారం తీసి ఒక కొస వాళ్ల చేతికిస్తుంది.